ఒకటే బుర్ర, ఐదు సబ్జెక్టులు, ఒక ఉద్యోగం

టైమ్ మేనేజ్‌మెంట్ మీద మన కాలేజీలో ఇప్పటికి కనీసం మూడు సెమినార్లు విని ఉంటాం. మూడింటిలోనూ చెప్పిన మాట ఒకటే: "అందరికీ ఉన్నది ఇరవై నాలుగు గంటలే, వాడుకోవడంలోనే ఉంది తేడా అంతా." వినడానికి బాగానే ఉంటుంది, చప్పట్లు కూడా కొడతాం. కానీ కాలేజీ అయ్యాక హాస్టల్ గదికి వెళ్ళి నడుం వాల్చేవాడికీ, కాలేజీ అయ్యాక ఇంకోచోట డ్యూటీ ఎక్కేవాడికీ చేతిలో మిగిలే గంటలు ఒకటే ఎలా అవుతాయి?

నేను మూడో సంవత్సరం సీఎస్‌ఈ. సోమవారం నుంచి శనివారం దాకా, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు మా ఊళ్ళో ఒక మందుల షాపులో బిల్లింగు చేస్తాను. మన క్లాసుల్లో ఇలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. ట్యూషన్లు చెప్పేవాళ్ళు, రాత్రిళ్ళు ఫుడ్ డెలివరీకి వెళ్ళేవాళ్ళు, పెళ్ళిళ్ళ సీజన్లో క్యాటరింగ్‌లో వడ్డించేవాళ్ళు, ఇంటి కిరాణా కొట్లో కూర్చునేవాళ్ళు. ఎవరూ పెద్దగా బయటికి చెప్పుకోరు. ఈ వ్యాసం ముందుగా వాళ్ళ కోసం.

సెమినార్లలో దొరకని సాయం నాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకంలో దొరికింది. సీపీయూ ఒకటే ఉంటుంది. పనులు మాత్రం డజన్ల కొద్దీ వచ్చి పడుతుంటాయి. ఎవరికి ముందు వంతు ఇవ్వాలి, ఎవరిని ఆపాలి, ఎవరిని అసలు లోపలికే రానివ్వకూడదు అన్నదే షెడ్యూలింగ్. మన గొడవ కూడా అచ్చంగా ఇదే కదా. సివిల్, మెకానికల్, ఈఈఈ మిత్రులు భయపడక్కర్లేదు. అంతా మామూలు మాటల్లోనే చెబుతాను.

ముందు లెక్క

టైమ్ టేబుల్ గీసే ముందు అసలు ఎంత టైము ఉందో తెలియాలి. రోజు లెక్క వేస్తే మోసపోతాం, ఎందుకంటే ఆదివారం, బుధవారం ఒకలా ఉండవు. వారం లెక్క వేయాలి. వారానికి 168 గంటలు. నా లెక్క ఇది:

నిద్ర రోజుకు 7 గంటల చొప్పున 49.
కాలేజీ 7 గంటల చొప్పున ఆరు రోజులకు 42.
బస్సు ప్రయాణం రానూపోనూ 2 గంటల చొప్పున 12.
షాపు మూడున్నర గంటల చొప్పున ఆరు రోజులకు 21.
స్నానం, తిండి, బట్టలు, ఇంటి పనులు రోజుకు రెండున్నర చొప్పున 17.5.

మొత్తం 141.5. అంటే మిగిలింది 26.5 గంటలు.

ఫరవాలేదే, బాగానే ఉన్నాయి అనిపిస్తుంది. కానీ అవి వారంలో ఎక్కడున్నాయో చూడండి. మామూలు రోజున నాకు దొరికేది పొద్దున ఒక గంట, రాత్రి ఒక గంట. ఆరు రోజులకు 12. మిగతా 14.5 గంటలూ ఒక్క ఆదివారం నెత్తిమీదే ఉన్నాయి. ఆదివారం పద్నాలుగున్నర గంటలు కూర్చుని చదివే మనిషిని నేనైతే చూడలేదు. చుట్టాలొస్తారు, మధ్యాహ్నం కునుకు పడుతుంది, క్రికెట్ ఉంటుంది. నిజాయితీగా వేసుకుంటే 9 గంటలు. అంటే వారానికి నా సొంత చదువుకు నికరంగా ఉన్నది 21 గంటలు. షాపుకు ఎంత ఇస్తున్నానో సరిగ్గా అంతే!

ఈ లెక్క వేశాకే ఒక సంగతి కనిపించింది. ఆదివారం నాడు ఒక పెళ్ళికి వెళ్తే పోయేది ఒక్క రోజు కాదు, వారం చదువులో దాదాపు సగం. "ఒక్కరోజే కదరా, రా" అని పిలిచే మావయ్యకు ఈ విషయం తెలియదు. తెలియాల్సింది మనకి.

ఇక రెండో వైపు, పనుల లెక్క. ఈ సెమిస్టర్‌లో నాకు ఐదు థియరీ సబ్జెక్టులు, ఒక్కోదానికి వారానికి గంటన్నర చొప్పున 7.5. రెండు ల్యాబ్ రికార్డులకు 2. అసైన్‌మెంట్లకు 3. మినీ ప్రాజెక్టుకు 4. ప్లేస్‌మెంట్ల కోసం కోడింగ్, ఆప్టిట్యూడ్‌కు 5. మొత్తం 21.5.

ఇక్కడ ఒక జాగ్రత్త. పని ఎంతసేపు పడుతుందో ఊహించడంలో మనుషులందరూ ఆశావాదులే. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే దీనికి 'ప్లానింగ్ ఫాలసీ' అని పేరు పెట్టారు. 1994లో అచ్చయిన ఒక పరిశోధనలో చివరి సంవత్సరం విద్యార్థులను "మీ థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుంది?" అని అడిగితే, సగటున దాదాపు 34 రోజులు అన్నారు. పట్టింది 55 రోజులు పైనే. అందుకే ఊహించి రాయొద్దు. రెండు వారాల పాటు ఏ పనికి నిజంగా ఎంత పట్టిందో ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. పైన నేనిచ్చిన అంకెలు అలా రాసుకున్నవే.

ఇప్పుడు కావలసిన గంటల్ని ఉన్న గంటలతో భాగించండి. 21.5ని 21తో భాగిస్తే 1.02. దీన్నే మన పుస్తకంలో యుటిలైజేషన్ అంటారు. ఈ అంకెను గుర్తుంచుకోండి, చివర్లో దీనితోనే పని ఉంది.

ఎవరి వంతు ముందు?

అన్నిటికంటే తేలికైన పద్ధతి రేషన్ షాపు లైను. ముందు వచ్చినవాడికి ముందు. సార్ సోమవారం ఇచ్చిన అసైన్‌మెంట్ ముందు, మంగళవారం ఇచ్చింది తర్వాత. న్యాయంగానే ఉంటుంది, కానీ లైన్లో మొదట పెద్ద పని నిలబడితే వెనక ఉన్న చిన్నాచితకా అన్నీ దానికోసం ఆగిపోతాయి.

రెండోది, చిన్న పని ముందు. సగటు నిరీక్షణ సమయం ఈ పద్ధతిలోనే అన్నిటికంటే తక్కువని లెక్కల్లో నిరూపించవచ్చు. మనకీ ఇష్టమైన పద్ధతి ఇదే, ఎందుకంటే టిక్కులు టకటకా పడతాయి. రికార్డులో రెండు పేజీలు రాశాం, టిక్. గూగుల్ ఫారం నింపాం, టిక్. ప్రింటౌట్ తెచ్చాం, టిక్. సాయంత్రానికి పది టిక్కులు. మినీ ప్రాజెక్టు మాత్రం నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే. చిన్న పనులు వస్తూనే ఉంటే పెద్ద పనికి ఎప్పటికీ వంతు రాదు.

మూడోది, ఎవరి గడువు దగ్గరో వాళ్ళకి ముందు. దీన్ని ఎర్లియెస్ట్ డెడ్‌లైన్ ఫస్ట్ అంటారు. 1973లో లియు, లేలాండ్ అనే ఇద్దరు రాసిన పేపర్ రియల్ టైమ్ సిస్టమ్స్ చదివే ప్రతివాళ్ళకీ పునాది లాంటిది. క్రమం తప్పకుండా వచ్చే పనుల మీద వాళ్ళు నిరూపించిన విషయాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. ప్రాసెసర్ ఒకటే, పనిని మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టే వీలుంది, ఒక పని కోసం ఇంకోటి ఆగక్కర్లేదు, యుటిలైజేషన్ 1 దాటలేదు. ఇవన్నీ ఉంటే, గడువు దగ్గరున్నదాన్ని ముందు చేసుకుంటూ పోతే చాలు, ఒక్క గడువు కూడా తప్పదు.

మనకు దీనివల్ల ఒక పెద్ద బరువు దిగుతుంది. ఐదు రంగుల స్కెచ్ పెన్నులతో గంట గంటకూ గళ్ళు గీసిన టైమ్ టేబుల్ అక్కర్లేదు. అది మూడో రోజుకే తప్పుతుంది, దాంతో ఉత్సాహం కూడా పోతుంది. ఒక కాగితం మీద పనులు, ఎదురుగా తేదీలు, తేదీల వరుసలో. ఖాళీ దొరికినప్పుడల్లా పైనున్నదాన్ని పట్టుకోవడమే.

ఒక్క సవరణ మాత్రం కావాలి. మినీ ప్రాజెక్టు గడువు రెండు నెలల తర్వాత అని రాస్తే అది ఎప్పుడూ కాగితం అడుగునే ఉంటుంది. దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకూ మనమే గడువు పెట్టాలి. ఈ ఆదివారానికి డేటాబేస్ టేబుల్స్, వచ్చే ఆదివారానికి లాగిన్ పేజీ. అప్పుడు అది కూడా మిగతా పనులతో పాటు పైకి వస్తుంది.

మారినప్పుడల్లా పడే సుంకం

సీపీయూ ఒక పని ఆపి ఇంకో పనిలోకి వెళ్ళాలంటే పాత పని ఎక్కడ ఆగిందో భద్రం చేసి, కొత్త పని వివరాలు ఎక్కించుకోవాలి. దీన్ని కాంటెక్స్ట్ స్విచ్ అంటారు. ఆ కాసేపు అసలు పని ఏమీ జరగదు. అంతా సుంకమే.

మనుషులకైతే ఈ సుంకం ఇంకా ఎక్కువ. 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు ఒక పని నుంచి ఇంకో పనికి మారినప్పుడు ధ్యాసలో కొంత పాత పని దగ్గరే ఉండిపోతుందని ప్రయోగాలతో చూపించారు. ముఖ్యంగా పాత పని సగంలో వదిలేస్తే. డీబీఎంఎస్ చదువుతూ మధ్యలో ఫోన్ తీసి క్లాస్ గ్రూపులో మూడు మెసేజీలు చూశాం అనుకోండి. పోయింది ఒక్క నిమిషం కాదు. తిరిగి వచ్చాక నార్మలైజేషన్ ఎక్కడ ఆగిందో వెతుక్కునే పది నిమిషాలు కూడా పోయినట్టే.

దీని ముదురు రూపం థ్రాషింగ్. పీటర్ డెన్నింగ్ 1968లో దీనికి కారణాలు, నివారణ వివరిస్తూ పేపర్ రాశారు. మెమరీ చాలనంతగా ప్రోగ్రాములు ఎక్కిస్తే, యంత్రం వాటి పేజీల్ని లోపలికీ బయటికీ మోయడంలోనే అలసిపోతుంది. పగలంతా తిరిగినట్టే ఉంటుంది, పని మాత్రం జరగదు. పరీక్షకు ముందు రోజు మంచం మీద నాలుగు పుస్తకాలు తెరిచి, ఒక్కోదాంట్లో ఒక్కో పేజీ చూసి మూసేసే స్థితి ఇదే. దానికి మందు వేగం పెంచడం కాదు, కొన్ని ప్రోగ్రాముల్ని పక్కన పెట్టడం.

నా రాత్రి గంట ఒకటే కాబట్టి దాన్ని ముక్కలు చేయను. పది నుంచి పదకొండు వరకు ఒకే పుస్తకం. ఫోన్ అమ్మ దగ్గర ఉంటుంది. పుస్తకం మూసేటప్పుడు చిన్న చీటీ మీద "రేపు ఇక్కడ నుంచి, ఇంతవరకు అర్థమైంది, ఇది అర్థం కాలేదు" అని మూడు ముక్కలు రాసి అదే పేజీలో పెడతాను. యంత్రం చేసేది కూడా సరిగ్గా ఇదే. మర్నాడు వెతుక్కునే పని ఉండదు.

చిన్న పని పెద్ద పనిని ఆపేస్తే

1997 జూలై 4న నాసా వారి మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. కొద్ది రోజులకే అందులోని కంప్యూటర్ తనంతట తాను రీసెట్ అవ్వడం మొదలుపెట్టింది. కారణం చూస్తే విచిత్రంగా ఉంటుంది. వాతావరణ వివరాలు సేకరించే పని ప్రాధాన్యం తక్కువ. సమాచారాన్ని అటూ ఇటూ చేరవేసే బస్సును చూసుకునే పని ప్రాధాన్యం చాలా ఎక్కువ. రెండింటికీ ఒకే తాళం. చిన్న పని తాళం తీసుకుని లోపల ఉండగా, మధ్యస్థమైన ఇంకో పని వచ్చి దాన్ని పక్కకు నెట్టేసేది. చిన్న పని కదలదు, తాళం విడవదు. ఆ తాళం కోసం పెద్ద పని బయట నిలబడి ఉండేది. ముఖ్యమైన పని సమయానికి జరగలేదని గమనించిన కాపలా టైమర్ మొత్తం సిస్టమ్‌నే రీసెట్ చేసేది. దీని పేరు ప్రయారిటీ ఇన్వర్షన్.

పరిష్కారం: ముఖ్యమైన పని ఎవరి కోసమైతే ఆగి ఉందో, ఆ చిన్న పనికి కూడా ఆ కాసేపు అంతే ప్రాధాన్యం ఇవ్వడం. భూమ్మీద నుంచే ఆ మార్పు పంపించారు, జబ్బు కుదిరింది.

మన దగ్గర ఇది రోజూ జరుగుతుంది. ల్యాబ్ ఎక్స్‌టర్నల్ పెద్ద పని. దానికి రికార్డు మీద సంతకం కావాలి. సంతకం చిన్న పని. "సంతకమే కదా, తర్వాత చూద్దాం" అని దాన్ని కాగితం అడుగున పడేస్తాం. ఈలోగా ఫెస్ట్ పనులు, బర్త్‌డేలు మధ్యలో దూరతాయి. ఎక్స్‌టర్నల్ ముందు రోజు మేడమ్ సెలవులో ఉంటారు! అలాగే స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు ఆదాయ ధ్రువపత్రం, ప్రాజెక్టు రివ్యూకు టీమ్‌మేట్ పంపాల్సిన ఒక ఫైలు, పరీక్ష ఫీజుకు నో డ్యూస్.

కాబట్టి పనుల కాగితంలో ప్రతి పెద్ద పని పక్కనా ఒక ప్రశ్న రాసుకోండి: "ఇది ఎవరి చేతిలో ఆగుతుంది?" జవాబుగా వచ్చిన చిన్న పనిని పెద్ద పనితో సమానంగా పైకి లాగండి. ఇలాంటివాటికి ఖర్చయ్యేది పది నిమిషాలే, కానీ ఆ పది నిమిషాలు ఆఫీసు వేళల్లోనే ఉండాలి. రాత్రి పదింటికి ఎవరూ సంతకం పెట్టరు. అందుకే నా మధ్యాహ్నం లంచ్ టైములో సగం సంతకాలకే.

వంతు రాని పనులు

ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకంలో ఒక వదంతి ఉంటుంది. 1973లో ఎంఐటీలో పాత ఐబీఎమ్ 7094 యంత్రాన్ని ఆపేస్తున్నప్పుడు చూస్తే, 1967లో ఎవరో ఇచ్చిన తక్కువ ప్రాధాన్యం గల పని ఇంకా మొదలే కాకుండా కూర్చుని ఉందట. నిజమో కాదో గానీ క్లాసులో అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే, మన జాబితాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. కంటి పరీక్ష చేయించుకోవాలి. నానమ్మకి ఫోన్ చేయాలి. బ్యాక్‌లాగ్ సబ్జెక్టు ఉన్నవాళ్ళైతే ఆ పుస్తకం ఒకసారి తెరవాలి. వీటికి గడువు ఉండదు, లేదా చాలా దూరం. అందుకే ఎప్పుడూ అడుగునే.

దీనికి పుస్తకం చెప్పిన మందు ఏజింగ్. ఎదురుచూసిన కొద్దీ ప్రాధాన్యం కొంచెం కొంచెం పెంచడం. నేను పాటించేది చాలా సులువైన పద్ధతి. ఆదివారం రాత్రి కాగితం కొత్తగా రాసేటప్పుడు, పాత కాగితం నుంచి దిగుమతి అయిన ప్రతి పని పక్కనా ఒక చుక్క పెడతాను. మూడు చుక్కలు పడిన పని ఈ వారం ఖాయంగా చేయాలి, లేదా "ఇక చేయను" అని కొట్టేయాలి. కొట్టేయడం కూడా ఒక నిర్ణయమే. నానమ్మకి ఫోన్ మాత్రం కొట్టేసే వీల్లేదు.

అదే గంటలో ఎక్కువ మిగలాలంటే

గంటలు పెరగనప్పుడు గంటలో మిగిలేది పెంచుకోవాలి. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే అర్థం లేని అక్షరాల గుంపులు తానే బట్టీపట్టి, మరిచిపోవడం ఎలా జరుగుతుందో కొలిచాడు. మరుపు మొదట్లో చాలా వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అంటే క్లాసు విన్న రోజే ఒకసారి తిరగేస్తే దక్కేది, పరీక్ష ముందు రాత్రి చదివితే దక్కదు. మన పెద్దవాళ్ళు దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నది ఇందుకే కాబోలు.

రెండో సంగతి. 2006లో రోడిగర్, కార్పిక్ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్ళీ చదివినవాళ్ళకి ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవాళ్ళే ముందున్నారు. చదివినదాన్నే మళ్ళీ చదవడం వచ్చేసినట్టు అనిపించేలా చేస్తుంది. మూసి గుర్తుతెచ్చుకోవడం నిజంగా వచ్చేలా చేస్తుంది.

బస్సులో తిరిగేవాళ్ళకి ఇది వరం. నా లెక్కలో బస్సుకు 12 గంటలు రాశాను కదా. నిలబడి, బ్యాగు ముందుకు వేసుకుని, కండక్టరు తోసుకుంటూ వెళ్తుంటే పుస్తకం తెరవలేం. కానీ గుర్తుతెచ్చుకోవడానికి పుస్తకం ఎందుకు? "ఇవాళ మొదటి పీరియడ్‌లో ఏం చెప్పారు? డెడ్‌లాక్‌కి నాలుగు షరతులు ఏంటి?" మూడు గుర్తొచ్చి నాలుగోది రాకపోతే, దిగాక చూడాల్సింది ఆ ఒక్కటే. సీటు దొరికితే నిద్రపోండి, అది కూడా చదువుకు మంచిదే. పద్దెనిమిది నుంచి ఇరవై ఐదేళ్ళ వాళ్ళకి రాత్రికి ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలంటారు నిపుణులు. నా లెక్కలో నిద్ర 49 గంటలు అని మొదటే రాసింది అందుకే. అందులోంచి అప్పు తీసుకుంటే వడ్డీ మిగతా 119 గంటల్లోంచి కట్టాలి.

పట్టనిది పట్టదు

ఇప్పుడు ఆ 1.02 దగ్గరికి వద్దాం.

ఇప్పటిదాకా చెప్పిన ఉపాయాలన్నీ యుటిలైజేషన్ 1 లోపు ఉన్నప్పుడే పనిచేస్తాయి. 1 దాటితే ఏ షెడ్యూలరూ కాపాడలేదు. పైగా గడువు దగ్గరున్నదాన్ని ముందు చేసే పద్ధతి అధిక భారంలో ఘోరంగా విఫలం కావచ్చు. ఎందుకంటే ఆలస్యమైన మొదటి పని రెండోదాని గంటల్ని తింటుంది, రెండోది మూడోదాన్ని తింటుంది. పేకముక్కల వరుస పడిపోయినట్టు ఒకదాని వెంట ఒకటి. అన్నీ కొంచెం కొంచెం చేసి, ఏదీ సమయానికి ఇవ్వలేకపోవడం అంటే ఇదే. బయటి నుంచి చూసేవాళ్ళకి ఇది బద్ధకంలా కనిపిస్తుంది. లోపలున్నవాడికీ అలాగే అనిపిస్తుంది, అదే అసలు బాధ. కానీ అది క్రమశిక్షణ లోపం కాదు, కూడిక. 21 గంటల సంచిలో 21.5 గంటల బియ్యం పట్టవు.

అప్పుడు ఎక్కువమంది మొదట కోసేది క్లాసునే. జాగ్రత్త. జేఎన్‌టీయూ నిబంధనల్లో హాజరు మొత్తం మీద 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం, ఫీజు కట్టి మినహాయింపు అడగాలి. 65 కంటే తగ్గితే డిటెన్షన్, ఆ సెమిస్టర్ మళ్ళీ జూనియర్లతో చదవడమే. సెమిస్టర్‌కి 90 పనిదినాలు అనుకుంటే 25 శాతం అంటే 22 రోజులు. అది సెలవుల కోటా కాదు. జ్వరం, ఇంట్లో ఆపద, ఊళ్ళో వరద కోసం దాచుకున్న నిల్వ. ముందే ఖర్చుపెట్టేస్తే, నిజంగా జ్వరం వచ్చిన రోజున ఒక ఏడాది పణంగా పెట్టాల్సి వస్తుంది. ఉద్యోగం చేసి చదువుకునే ఇంటికి ఆ ఏడాది చాలా ఖరీదు.

యంత్రాల్లో దీనికి అడ్మిషన్ కంట్రోల్ అని ఒకటుంది. కొత్త పని లోపలికి రాకముందే "ఇది పడుతుందా?" అని చూసి, పట్టకపోతే గుమ్మంలోనే ఆపేయడం. కొన్ని దేశాలు విద్యార్థుల విషయంలో దీన్ని చట్టంగానే పెట్టాయి. ఎమ్మెస్‌కి అమెరికా వెళ్ళిన మన సీనియర్లని అడగండి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆస్ట్రేలియాలో విదేశీ విద్యార్థులకు రెండు వారాలకు 48 గంటలు. వాళ్ళ కారణాలు వేరే ఉండొచ్చు గానీ, గీత అంటూ ఒకటుంది. మన ఊళ్ళో పనిచేసే మనకు ఆ గీత ఎవరూ గీయరు. మనమే గీసుకోవాలి. నా 21 గంటలు ఆ అమెరికా గీతకి ఒక గంట పైనే ఉన్నాయి.

మొన్న సెమిస్టర్ మొదట్లో ఈ లెక్క కాగితం పట్టుకుని షాపు ఓనరు గారితో మాట్లాడాను. "బుధవారాలు రాలేనండి, మిగతా ఐదు రోజులూ మామూలే" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "బుధవారం మా అబ్బాయిని కూర్చోబెడతాలే. జీతంలో మాత్రం వెయ్యి తగ్గుద్దయ్యా" అన్నారు. ఆరు వేలు ఐదు వేలయింది. ఆ వెయ్యి మా ఇంట్లో ఇంచుమించు ఒక గ్యాస్ బండ. అమ్మ ఎందుకు అని అడగలేదు, "ఎన్నాళ్ళురా?" అని అడిగింది. ప్లేస్‌మెంట్లు అయ్యేదాకా అన్నాను. చిన్న చీటీ ఒకటి ఆపేసింది.

బుధవారమే ఎందుకంటే, నా గంటలన్నీ ఆదివారం నెత్తిమీద ఉన్నాయని చెప్పాను కదా. శనివారం తీసుకుంటే రెండూ పక్కపక్కనే పడతాయి. బుధవారం తీసుకుంటే వారానికి మధ్యలో ఒక గుంజ పాతినట్టు. ఆదివారం పెళ్ళికి పోయినా మూడు రోజుల్లో మళ్ళీ నిలదొక్కుకోవచ్చు. ఉన్న గంటలు 21 నుంచి 24.5 అయ్యాయి. 21.5ని 24.5తో భాగిస్తే 0.88. మూడు గంటల ఖాళీ. ఆ ఖాళీని కొత్త కోర్సుతో నింపను. కరెంటు పోవడానికి, బస్సు రాకపోవడానికి, అర్థం కాని చాప్టర్‌కి అది ఉండాలి.

అందరికీ ఇలా ఒక సాయంత్రం తగ్గించుకునే వీలుండదు, ఆ సంగతీ తెలుసు. ఆ జీతమే ఇల్లు నడుపుతుంటే తగ్గించమని చెప్పే హక్కు నాకు లేదు. వాళ్ళు పనుల వైపు చూడాలి. ఈ సెమిస్టర్‌కి ఆ అదనపు సర్టిఫికెట్ కోర్సు అవసరమా? మినీ ప్రాజెక్టులో టీమ్‌తో ముందే మాట్లాడి, రాత్రిపూట ఇంటి నుంచి చేయగలిగే డాక్యుమెంటేషన్ తీసుకోవచ్చా? మెంటర్ సార్‌కి "సార్, నేను సాయంత్రాలు పనికి వెళ్తాను" అని ఒక్క వాక్యం చెప్పి ఉంచారా? హాజరు తగ్గాక చెప్పే కారణం సాకులా వినిపిస్తుంది, సెమిస్టర్ మొదట్లో చెప్తే సమాచారం అవుతుంది.

ఉద్యోగం అవసరం లేని మిత్రులకూ ఒక మాట. మీ టీమ్‌లో ఒకరు సాయంత్రం ఐదు తర్వాత ఫోన్ ఎత్తకపోతే, ఆ ఫోన్ ఏ కౌంటరు కింద సైలెంట్‌లో ఉందో ఒకసారి అడగండి. మీరు క్లాస్ నోట్స్ ఫొటో తీసి పెట్టే రెండు నిమిషాలు వాళ్ళకి అరగంట. మన తెలుగు క్లబ్బు మీటింగులు కూడా సాయంత్రం కాకుండా లంచ్ టైములో పెట్టుకుంటే, ఇన్నాళ్ళూ రాని కొన్ని ముఖాలు కనిపిస్తాయని నా నమ్మకం.

ఈ ఆదివారం ఒక అరగంట, ఒక కాగితం, ఒక కాలిక్యులేటర్ తీసుకోండి. 168 నుంచి మొదలుపెట్టి కిందికి రండి. పనుల గంటల్ని మిగిలిన గంటలతో భాగించండి. 1 లోపు వస్తే పైన చెప్పిన పద్ధతులు మీకు పనికొస్తాయి, హాయిగా వాడుకోండి. 1 దాటితే ఇంకా పొద్దున్నే లేవాలని అలారం మార్చకండి, జాబితాలోంచి ఏది తీయాలో చూడండి. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు పెద్దలు. నిలబడాలంటే ముందు మన నెత్తిమీద ఎంత బరువుందో మనకి తెలియాలి.